బీరువా తెరిచాక: మనిషి పోయిన ఇంట్లో ఏ కాగితం దేనికి పనికొస్తుంది

పెద్దకర్మ అయి, చుట్టాలంతా వెళ్లిపోయాక ఎవరో ఒకరు బీరువా తెరుస్తారు. పాస్‌బుక్కులు, ఎల్ఐసీ బాండ్లు, రబ్బరు బ్యాండు చుట్టిన ఎఫ్‌డీ రసీదులు, పొలం పాస్‌పుస్తకం, రెవెన్యూ స్టాంపు అంటించిన పాత ప్రామిసరీ నోటు ఒకటి. అసలు తిరుగుడు అక్కడ మొదలవుతుంది. బ్యాంకులో ‘లీగల్ హెయిర్ తెండి’ అంటారు. ఎమ్మార్వో ఆఫీసులో ‘మేమిచ్చేది ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అది సరిపోతుందేమో వాళ్లనే అడగండి’ అంటారు. ఇంకోచోట ‘కోర్టు సక్సెషన్ లేనిదే కుదరదు’ అని ఫైలు వెనక్కి తోస్తారు. అమెరికాలో ఉన్న మేనల్లుడు ఫోన్ చేసి ‘ప్రొబేట్ ఎంతవరకొచ్చింది మామయ్యా?’ అంటాడు.

నాన్న పోయినప్పుడు నేను ఆర్నెల్లు ఈ నాలుగు మాటల మధ్యే తిరిగాను. చట్టం కష్టమై కాదు, ఏ ఆఫీసు ఏ కాగితం ఎందుకు అడుగుతోందో తెలియక. చివరికి ఒక పాత కాలపు ప్లీడరు గారు తెల్ల కాగితం మీద నాలుగు ప్రశ్నలు రాసిచ్చారు. ఈ మనిషి చనిపోయారా? వారి ఇంట్లో ఎవరెవరున్నారు? ఈ డబ్బు ఎవరి చేతికిస్తే మాకు తర్వాత చిక్కు ఉండదు? ఈ ఆస్తి ఎవరిది? ఆఫీసులు అడిగే కాగితాలన్నీ మొదటి మూడు ప్రశ్నలకే జవాబు చెబుతాయి. నాలుగోదానికి జవాబు వారసత్వ చట్టంలో ఉంటుంది, లేదా వీలునామాలో ఉంటుంది. గొడవొస్తే సివిల్ కోర్టు చెబుతుంది. మన కుటుంబాల్లో జరిగే పొరపాట్లలో సగం, మూడో ప్రశ్న జవాబును నాలుగోదానికి జవాబనుకోవడం వల్ల జరిగేవే.

మొదటి కాగితం, పేరులో తేడా

మరణ ధ్రువపత్రం సంగతి త్వరగా చెప్పేయొచ్చు. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. దాటితే ఆలస్య రుసుము. ఏడాది కూడా దాటిపోతే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. 2023లో జనన మరణాల నమోదు చట్టానికి తెచ్చిన సవరణతో ఆ అధికారం జిల్లా మేజిస్ట్రేటుకు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు, జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు వచ్చింది. పది పన్నెండు కాపీలు ఒకేసారి తీసుకోండి.

చెప్పాల్సింది పేరు గురించి. మన ఇళ్లలో ఒక మనిషికి కనీసం మూడు పేర్లుంటాయి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పాస్‌బుక్కులో ఒక్క పొడి అక్షరం ఉంటుంది, పొలం కాగితాల్లో వెంకటేశ్వరరావు కాస్తా వెంకటేశ్వర్లు అవుతాడు. ఆడవాళ్లకైతే పుట్టింటి ఇంటిపేరు ఒకచోట, అత్తింటిది ఒకచోట. మరణ ధ్రువపత్రంలో పేరు ఏ రూపంలో పడితే ఆ తర్వాతి కాగితాలన్నీ దానికి సరిపోవాలి. అందుకే ఆసుపత్రిలోనో పంచాయతీలోనో వివరాలు ఇచ్చేటప్పుడు నోటికొచ్చినట్టు చెప్పకుండా ఆధార్ కార్డు చేతిలో పెట్టుకుని చెప్పాలి. ఆ సమయంలో ఎవరికి గుర్తుంటుంది అంటారా? నిజమే, మాకూ గుర్తులేదు. నాన్న పేరులో ఒక ‘రావు’ ఎగిరిపోయింది. దాన్ని దిద్దించడానికి, ఇద్దరూ ఒకరేనని నోటరీ దగ్గర అఫిడవిట్లు చేయించడానికి పట్టిన కాలం మిగతా పనులన్నింటికంటే ఎక్కువ.

ఇంట్లో ఎవరెవరు? నానమ్మను మర్చిపోయారా?

ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తహసీల్దారు ఇస్తారు. తెలంగాణలో మీసేవలో, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయంలో దరఖాస్తు పెడతాం. కింది సిబ్బంది వచ్చి ఇరుగుపొరుగును విచారిస్తారు. పింఛను, ఉద్యోగి బకాయిలు, కారుణ్య నియామకం, చిన్న మొత్తాల క్లెయిములు వంటివాటికి ఇది పనికొస్తుంది. అందరూ దీన్నే లీగల్ హెయిర్ అంటుంటారు కానీ, ఇది ఎవరి వాటా ఎంతో చెప్పదు, హక్కు ఎవరిదో తేల్చదు. ఫలానా మనిషికి వీరు కుటుంబ సభ్యులు అని మాత్రమే అంటుంది.

ఇక్కడొక చిక్కుంది. దరఖాస్తు రాసేటప్పుడు భార్య, పిల్లల పేర్లు రాసి ఊరుకుంటాం. తాతగారు ముందే పోయి, నానమ్మ బాబాయి దగ్గర ఉంటోందనుకోండి. రేషన్ కార్డు వేరు కాబట్టి ఆమె పేరు ఎవరికీ తోచదు. కానీ 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం మగవాడు వీలునామా రాయకుండా పోతే మొదటి తరగతి వారసుల్లో భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు తల్లి కూడా ఉంది. తండ్రి మాత్రం లేడు. ఆయన రెండో తరగతిలోకి, అంటే మొదటి తరగతిలో ఎవరూ లేకపోతేనే వాటా వచ్చేవారిలోకి, వెళతాడు. ఇది చాలామందికి నమ్మబుద్ధి కాదు.

లెక్క వేసి చూద్దాం. ఆయన సొంతంగా సంపాదించిన ఇల్లు ఉంది. భార్య, కొడుకు, కూతురు, తల్లి ఉన్నారు. నాలుగు సమాన వాటాలు. అంటే నానమ్మది పావు వంతు. రెండేళ్లకు ఆమె కూడా వీలునామా లేకుండా పోయింది. ఆ పావు వంతు ఆమె ముగ్గురు పిల్లల శాఖలకు వెళుతుంది. బాబాయికి పన్నెండో వంతు, మేనత్తకు పన్నెండో వంతు, మిగతా పన్నెండో వంతు పోయిన కొడుకు పిల్లలకు. ఇల్లు మాదే అనుకున్న కుటుంబానికి, అందులో ఆరో వంతు బాబాయిదీ మేనత్తదీ అని పదేళ్ల తర్వాత, కొనేవాడి లాయరు చెబితే గానీ తెలియదు. నానమ్మ బతికుండగానే ఆమె ఇష్టపడి తన వాటా వదులుకుంటూ రిజిస్టర్డ్ విడుదల దస్తావేజు రాసిస్తే ఒక లెక్క. ఆమె పేరే సర్టిఫికెట్లో లేకపోతే, ఆ సంగతి మాట్లాడే సందర్భమే రాదు.

కూతుళ్ల విషయంలో అపోహలు ఇంకా తొలగలేదు. సొంతార్జితంలో కొడుకుతో సమానమైన వాటా 1956 నుంచీ ఉంది. పిత్రార్జితం సంగతికొస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1985లోనే రాష్ట్ర సవరణ తెచ్చి ఆడపిల్లలకు పుట్టుకతో వాటా ఇచ్చింది. కాకపోతే అప్పటికే పెళ్లయినవాళ్లకు వర్తించలేదు. 2005 కేంద్ర సవరణతో ఆ తేడా పోయింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాల్సిన పని కూడా లేదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టర్డ్ దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో జరిగిపోయిన పంపకాలు మాత్రం కదలవు. పెళ్లప్పుడు కట్నం ఇచ్చాం కదా, ఇంక వాటా ఏమిటి అనే మాట చట్టంలో ఎక్కడా లేదు.

తల్లి పోతే లెక్క వేరు. ఆమె ఆస్తి కొడుకులు, కూతుళ్లు, భర్తకు సమానంగా వస్తుంది. భర్త పోయి, పిల్లలు కూడా లేని స్త్రీ సొంత సంపాదన మాత్రం ఆమె అమ్మానాన్నల కంటే ముందు భర్త తరఫు వారసులకు వెళుతుంది. ఉద్యోగం చేసి ఫ్లాటు కొనుక్కున్న అమ్మాయి ఒక వీలునామా రాసి పెట్టుకోవడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

ఇదంతా హిందువులకు. క్రైస్తవులకు 1925 భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. భార్యకు మూడో వంతు, పిల్లలకు మిగతా రెండు వంతులు. ముస్లింలకు వారి ధర్మశాస్త్రం ప్రకారం వాటాలు. పిల్లలుంటే భార్యకు ఎనిమిదో వంతు, మిగతా వారసులు ఒప్పుకోనిదే ఆస్తిలో మూడో వంతుకు మించి వీలునామా చెల్లదు.

నామినీ చేతికొచ్చిన డబ్బు

నామినీగా పేరు ఉంది కాబట్టి డబ్బు నాదే అనుకునేవాళ్లు కోకొల్లలు. బ్యాంకుకు కావలసింది మూడో ప్రశ్నకు జవాబు. ఎవరికిస్తే తన బాధ్యత తీరుతుంది? నామినీకి ఇస్తే తీరుతుంది. అంతటితో బ్యాంకు తప్పుకుంటుంది. ఆ డబ్బు నామినీ దగ్గర వారసులందరి తరఫునా ఉన్నట్టే లెక్క. బీమా విషయంలో సుప్రీంకోర్టు ఈ మాట 1983లోనే చెప్పింది. షేర్ల విషయంలో 2023లో మళ్లీ చెప్పింది. బీమా చట్టానికి 2015లో వచ్చిన సవరణ మాత్రం తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే వారినే లబ్ధిదారులుగా చూడమంది. అది మిగతా వారసుల వాటాను పూర్తిగా తుడిచేస్తుందా అనే దానిపై హైకోర్టులు ఒకే మాట మీద లేవు. అంచేత అన్నయ్య పేరు నామినీగా ఉంటే చెల్లెలు గమ్మున ఊరుకోవాల్సిన పనీ లేదు, ఆ పేరు చూడగానే టెన్షన్ పడాల్సిన పనీ లేదు.

ఇద్దరి పేరున ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ ఖాతా ఉంటే మిగిలినవారు దాన్ని నడుపుకోవచ్చు. అక్కడా తీరు ఇదే: నడిపే అధికారం వేరు, సొమ్ము ఎవరిదన్నది వేరు. పోయినవారి ఏటీఎం కార్డుతో, ఫోన్‌లోని యూపీఐతో డబ్బు తీసేయడం దాదాపు ప్రతి ఇంట్లోనూ జరుగుతుంది. ఖర్చులకే అయినా అది అధికారం లేని పని. తర్వాత తోబుట్టువుల మధ్య మాట వస్తే మొదట బయటికొచ్చేది ఆ స్టేట్‌మెంటే.

2025 నవంబరు నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురు నామినీల దాకా పెట్టుకోవచ్చు, ఎవరికి ఎంత శాతమో కూడా రాయవచ్చు. నామినీ లేకపోతే ఏమిటి? రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశాలు ఇక్కడ చాలామందికి పనికొస్తాయి. వాణిజ్య బ్యాంకులో 15 లక్షల రూపాయల దాకా, సహకార బ్యాంకులో 5 లక్షల దాకా ఉన్న క్లెయిముకు సక్సెషన్ సర్టిఫికెట్ కోసం పట్టుబట్టకూడదు. క్లెయిము ఫారం, మరణ ధ్రువపత్రం, వారసుల వివరాలు, ఇండెమ్నిటీ బాండు (తర్వాత నష్టం వస్తే భరిస్తామనే హామీపత్రం), డబ్బు తీసుకోని వారసుల నుంచి అభ్యంతరం లేదనే పత్రం ఉంటే చాలు. కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో తేల్చాలి. బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే ‘బ్యాంకు రేటు’ మీద మరో 4 శాతం వడ్డీ కలిపి ఇవ్వాలి. 2026 మార్చి 31లోగా బ్యాంకులన్నీ దీన్ని అమలులోకి తేవాలన్నది గడువు. కౌంటర్లో కూర్చున్న అబ్బాయికి ఈ సంగతి తెలియకపోవచ్చు. నోటిమాటగా చెప్పే బదులు లిఖితపూర్వకంగా అడిగి, రసీదు తీసుకోండి.

ఎవరూ అడగని పాత డిపాజిట్ ఏ బ్యాంకులో మిగిలిపోయిందో తెలియకపోతే రిజర్వు బ్యాంకు వారి ఉద్గమ్ పోర్టల్‌లో పేరు కొట్టి వెతకొచ్చు. పదేళ్లు ఎవరూ అడగని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిధికి వెళ్లిపోతాయి గానీ, వారసులు అడిగితే వెనక్కి వస్తాయి.

సక్సెషన్ సర్టిఫికెట్ ఎప్పుడు

ఇది కోర్టు ఇచ్చేది. 1925 చట్టం 372వ సెక్షన్ కింద, చనిపోయినవారు మామూలుగా నివసించిన ఊరు ఏ కోర్టు పరిధిలో ఉంటే అక్కడ ఓపీ (ఒరిజినల్ పిటిషన్) వేయాలి. మిగతా వారసులకు నోటీసులు వెళతాయి, పేపర్లో ప్రకటన వేయిస్తారు, అభ్యంతరం లేకపోతే సాక్ష్యం తీసుకుని ఇస్తారు. ఎవరూ అడ్డురాకపోయినా నెలలు పడుతుంది. కోర్టు ఫీజు అందులో చూపిన మొత్తాన్ని బట్టి ఉంటుంది.

రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, ఇది రావలసిన బాకీలకు, డిపాజిట్లకు, షేర్లు బాండ్ల వంటివాటికి మాత్రమే. ఇంటికి, పొలానికి ఇది పనికిరాదు. ‘సక్సెషన్ తెస్తే ఇల్లు మీ పేర రాస్తాం’ అని ఎవరైనా అంటే వాళ్లకు తెలియదన్నమాట. రెండు, ఇది కూడా మూడో ప్రశ్నకే జవాబు. సర్టిఫికెట్ ఉన్నవాడికి చెల్లించిన బ్యాంకుకు రక్షణ ఉంటుంది. తీసుకున్నవాడి మీద మిగతావాళ్లు తమ వాటా కోసం దావా వేసుకోవచ్చు, ఈ సర్టిఫికెట్ దానికి అడ్డు రాదు. పెద్దకొడుకు పేరు మీద సర్టిఫికెట్ వచ్చినంత మాత్రాన సొమ్మంతా పెద్దకొడుకుది అయిపోదు. ఓపీ వేశాక ఇంకో ఎఫ్‌డీ బయటపడితే కంగారొద్దు. సర్టిఫికెట్‌ను దానికీ పొడిగించమని అదే కోర్టును అడగవచ్చు.

వీలునామా, మేనల్లుడి ప్రొబేటు

ప్రొబేట్ అంటే ఈ వీలునామా నిజమైనదేనని కోర్టు ముద్ర వేయడం. అందులో రాసిన ఆస్తి రాసినవారిదేనా అన్నది ఆ కోర్టు చూడదు. అమెరికాలో ఇది మామూలు తంతు కాబట్టి మేనల్లుడు అడిగాడు. మన రెండు రాష్ట్రాల్లో హిందువుల వీలునామాకు ప్రొబేట్ తప్పనిసరి అన్న నియమం ఎన్నడూ లేదు. 1870 నాటి హిందూ వీలునామాల చట్టం నుంచి వచ్చిన ఆ నియమం బెంగాల్ ప్రాంతానికి, మద్రాసు, బొంబాయి నగరాలకు మాత్రమే. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నా, నియమం హైకోర్టు ఒరిజినల్ పరిధి దాటి, అంటే నగరం దాటి, ఇవతలికి రాలేదు. చెన్నైలో ఫ్లాటు ఉన్న నెల్లూరు, చిత్తూరు కుటుంబాల వంటివాటికే ఆ తలనొప్పి ఉండేది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన చట్టంతో దానికి ఆధారమైన, 1925 వారసత్వ చట్టంలోని 213వ సెక్షన్నే తీసేశారు. వారసుల మధ్య గొడవ ఉండి, వీలునామాలో కార్యనిర్వాహకుడి పేరు ఉంటే, ఇప్పటికీ కోరి ప్రొబేట్ తెచ్చుకోవచ్చు.

ప్రొబేట్ అక్కర్లేదంటే వీలునామాను రుజువు చేయక్కర్లేదని కాదు. రాసినవారి సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. కోర్టుకెక్కితే ఆ సాక్షుల్లో కనీసం ఒకరు, బతికుంటే, వచ్చి చెప్పాలి. రిజిస్టరు చేయించిన వీలునామాకైనా ఇది తప్పదు. మనవాళ్లు ఏం చేస్తారంటే, డెబ్బై ఏళ్ల పెద్దాయన తన ఈడు స్నేహితులిద్దర్ని సాక్షులుగా పెట్టుకుంటాడు. ఆయన పోయేనాటికి వాళ్లూ ఉండరు. నలభై ఏళ్లలోపు మనిషిని, వాటాతో సంబంధం లేనివారిని పెట్టుకోవాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు డ్యూటీ లేదు, రాసినవారు పోయాక కూడా రిజిస్టరు చేయించే వీలుంది. పిత్రార్జితంలో తన వాటా వరకే రాయగలరు, అంతకు మించి రాస్తే ఆ మేరకు చెల్లదు.

పొలం, ఇల్లు

పొలం పేరు మార్పును తెలంగాణలో విరాసత్ అంటారు. పాత భూ రికార్డుల పోర్టల్ ధరణి కాలంలో వారసులంతా ఒప్పుకుని ఒకే మాటగా రాసిచ్చి స్లాట్ బుక్ చేసుకునేవారు. ఒకరు దాగిపోయినా అడిగేవారు లేరు. 2025 ఏప్రిల్లో దాని స్థానంలో వచ్చిన భూభారతిలో తహసీల్దారు నోటీసులిచ్చి విచారణ చేశాకే మార్చాలి. ఆంధ్రలోనూ మ్యుటేషన్‌కు, అంటే పేరు మార్పుకు, ముందు విచారణ ఉంది. పట్టణంలో ఇంటికి మున్సిపాలిటీలో పన్ను పేరు మారుస్తారు. ఇవేవీ హక్కు ఇచ్చే కాగితాలు కావు, ప్రభుత్వం శిస్తో పన్నో ఎవర్ని అడగాలో రాసుకునే పుస్తకాలు. హక్కు స్పష్టంగా ఉండాలంటే వారసులంతా కూర్చుని రిజిస్టర్డ్ పంపకాల దస్తావేజు రాసుకోవాలి. లేదా వద్దనుకున్నవారు విడుదల దస్తావేజు రిజిస్టరు చేసివ్వాలి. తెల్ల కాగితం మీద ‘నాకు అభ్యంతరం లేదు’ అని అక్కచెల్లెళ్ల చేత సంతకాలు పెట్టించుకుని ధీమాగా ఉండేవాళ్లను చూస్తే జాలేస్తుంది. స్థిరాస్తిలో హక్కు అలా వదిలిపోదు.

అప్పులు, చివరికి ఆ నోటు

వారసత్వ పన్ను మన దేశంలో లేదు. ఎస్టేట్ డ్యూటీని 1985లోనే ఎత్తేశారు. పోయినవారి ఆ ఏటి ఆదాయపు పన్ను రిటర్ను మాత్రం వారసులు దాఖలు చేయాలి. కోర్టులో ఆయన పేరున దావా నడుస్తుంటే 90 రోజుల్లో వారసుల పేర్లు చేర్చమని పిటిషను వేయాలి. వేయకపోతే దావా అక్కడే ఆగిపోతుంది.

అప్పులవాళ్లు కర్మ రోజునే వస్తారు. వచ్చిన ఆస్తి విలువ మేరకే వారసుల బాధ్యత. సొంత జీతం నుంచి, సొంత ఇంటి నుంచి కట్టాల్సిన పని లేదు. తండ్రి అప్పు కొడుకు ధర్మంగా తీర్చాలన్న పాత హిందూ నియమాన్ని 2005 సవరణ తీసేసింది. ఊళ్లో మాట కోసం కట్టేవాళ్లు కడతారు, అది వేరే సంగతి.

బీరువాలో ఆ పాత నోటు సంగతి చెప్పలేదు కదా. నాన్న ఎవరికో ఇచ్చిన లక్షన్నర. తేదీ చూస్తే నాలుగేళ్లు దాటింది. ప్రామిసరీ నోటు మీద దావాకు గడువు మూడేళ్లు కాబట్టి చింపేయబోయాం. ప్లీడరు గారు వెనక్కి తిప్పమన్నారు. రెండేళ్ల క్రితం ఐదు వేలు ముట్టినట్టు బాకీదారు చేత్తో రాసి సంతకం పెట్టిన చెల్లు ఉంది. మూడేళ్ల లెక్క మళ్లీ ఆ రోజు నుంచి మొదలవుతుందట. దావా వెంటనే వేసేయొచ్చు గానీ, డిక్రీ ఇచ్చేలోపు సక్సెషన్ సర్టిఫికెట్ కోర్టు ముందు పెట్టాలి. బ్యాంకు వద్దన్న ఆ సర్టిఫికెట్ కోసం ఓపీ ఇప్పుడు ఈ నోటుకు వేశాం.